ఆ పూట కూలి: ఓ రగ్బీ బంతి ఆత్మకథ

నేను రగ్బీ బంతిని. నాలుగు తోలుముక్కలు కుట్టి, లోపల రబ్బరు బ్లాడర్ పెట్టి, గాలి నింపి, మూతిని తోలుతాడుతో బిగించారు. 1890లలో ఇంగ్లండ్ ఉత్తరాన యార్క్‌షైర్‌లో పుట్టాను.

చెయ్యి తగిలితే చాలు, మనిషి ఎవరో చెప్పేదాన్ని. ఉన్ని మిల్లు చేతులకు గొర్రెబొచ్చు జిడ్డు ఉండేది. గని చేతుల్లో, గోళ్ల సందుల్లో, అరచేతి గీతల్లో బొగ్గునుసి ఎంత తోమినా వదిలేది కాదు. వాళ్లకు శనివారం కూడా పొద్దుటిపూట పని ఉండేది. పొరుగూళ్లో ఆట ఉంటే పని మానాలి, ఆ పూట కూలి పోతుంది.

ఈ ఆటకు రూపమిచ్చింది రగ్బీ అనే ఊళ్లోని పెద్దింటి పిల్లల బడి. 1871లో లండన్‌లో పుట్టిన రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్‌ను నడిపిందీ అలాంటి బళ్లలో చదివినవాళ్లే. డబ్బు ముట్టుకుంటే ఆట మైలపడుతుందని వాళ్ల నమ్మకం. పోయిన కూలి ఇప్పించండి చాలని యార్క్‌షైర్ వాళ్లు 1893లో తీర్మానం పెడితే, 136 ఓట్లు అనుకూలంగా, 282 వ్యతిరేకంగా పడ్డాయి.

1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో ఉత్తరాది క్లబ్బులు సమావేశమై తెగతెంపులు చేసుకున్నాయి. 22 క్లబ్బులతో కొత్త సంఘం మొదలైంది. ఆటకోసం పని మానిన రోజుకు 6 షిల్లింగులు ఇచ్చారు. 1906లో జట్టును 15 మంది నుంచి 13కు తగ్గించారు. అదే నేటి రగ్బీ లీగ్. అటు వెళ్లినవాణ్ణి యూనియన్ మళ్లీ తన గడప తొక్కనివ్వలేదు.

గాలి పోయి నేను క్లబ్బు అటక మీదికి చేరాక కూడా కింది కబుర్లు నాకు వినిపించేవి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో సైన్యం కోసం ఆ వెలి సడలింది. 1943లో లీడ్స్‌లోని హెడింగ్లీలో లీగ్ ఆటగాళ్లు యూనియన్ నిబంధనలతోనే ఆడి, యూనియన్ జట్టును 18-11తో ఓడించారు. మరుసటేడు బ్రాడ్‌ఫర్డ్‌లో 15-10తో మళ్లీ గెలిచారు. ఆ గెలుపు విని నా పాత కుట్లు పొంగాయి. యుద్ధం ముగిశాక మాత్రం వెలి మామూలే.

చివరికి 1995 ఆగస్టులో యూనియన్ ఆటలో కూడా ఆటగాళ్లకు డబ్బివ్వడానికి ఒప్పుకున్నారు. అంటే కూలివాళ్లు అడిగింది తప్పు కాదని ఒప్పుకోవడానికి నిండా వందేళ్లు పట్టింది. ఉచితంగా ఆడటం గొప్ప గుణమే, తిండికి లోటు లేనివాడికి. పొద్దున గనిలో దిగి, మధ్యాహ్నం నన్ను గుండెలకు హత్తుకుని పరుగెత్తినవాడి ప్రేమ అంతకంటే తక్కువదని ఎవరన్నా నేనొప్పుకోను.