ట్రాక్టరు మామ

గుడియాత్తంలో వేలూరు బస్సెక్కితే కె.వి.కుప్పం దాటేలోపు ట్రాక్టరు మామ దర్శనం కాక తప్పదు. ముందు కనబడేది మామ కాదు, ఎండుగడ్డి. నడిరోడ్డు మీద ఓ వామి తనంతట తానే నడిచిపోతూ ఉంటుంది. దానికి ముందు 15 హార్స్‌పవర్ల చిన్న ట్రాక్టరుందనీ, దానిమీద తలగుడ్డ చుట్టిన మనిషున్నాడనీ బస్సు దాన్ని దాటాకే తెలుస్తుంది.

కొబ్బరితోటలో సాళ్లమధ్య దున్నడానికని బ్యాంకులో అప్పు చేసి కొన్న బండి అది. తోటలో కంటే తారురోడ్డు మీదే ఎక్కువ తిరుగుతుంది. ఇటుకలు, ఎరువు, నూలు మూటలు, పెళ్లి షామియానా, ఏదైనా సరే తొట్టిలో పడాల్సిందే. వైకాశి నెల ఒకటిన కౌండిన్య నది ఒడ్డున గంగమ్మ శిరసు తిరునాళ్లయితే ఊరు ఊరే ఎక్కుతుంది.

"తొట్టిలో మనుషుల్ని ఎక్కించకూడదు కదా మామా?"

"బయటి మనుషులెవురున్నారు నైనా? అంతా మన చుట్టాలే!"

చట్టం మామకు కొట్టినపిండి. ట్రాక్టరు లైసెన్సున్నవాడు ట్రెయిలరు తగిలించినంత మాత్రాన ఆ లైసెన్సు చెల్లకుండా పోదని 2001లో నాగశెట్టి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు తనను అడిగే రాశారన్నట్టు మాట్లాడతాడు. జాతీయ రహదారిలో ట్రాక్టరుకు టోలు లేదన్న 2008 నాటి నియమమూ కంఠతా వచ్చు. పక్కన సర్వీసు రోడ్డుంటే ట్రాక్టరు పెద్దరోడ్డెక్కకూడదన్న కింది వాక్యం దగ్గరే కళ్లజోడు మసకబారుతుంది.

జర్మనీలో ఉద్యోగం చేసే మేనల్లుడొచ్చి, "అక్కడ 16 ఏళ్లకే చిన్న ట్రాక్టరు లైసెన్సిస్తారు మామా. కానీ దాంతో ట్రెయిలరు లాగితే గంటకు 25 కిలోమీటర్లు దాటకూడదు. వెనక ఆ అంకె రాసుండాల" అన్నాడు.

"ఈడ పాతిక దాటేదానికి గుంతలు ఒప్పుకోవాల గదరా! మనం రాయకుండానే పాటిస్తా ఉండాం."

మామ ఇండికేటరు ఆయన కుడిచెయ్యే. అది బయటికొచ్చిందంటే మలుపు తిరగబోతున్నాడని నమ్మకూడదు. ఎదురొచ్చే వియ్యంకుణ్ణి పలకరిస్తూ ఉండొచ్చు, తలగుడ్డ సర్దుకుంటూ ఉండొచ్చు. వెనక కార్లవాళ్లు హారన్ మోగిస్తే, తననెవరో గుర్తుపట్టారనుకుని మరింత నిదానిస్తాడు.

ఆ హారన్ కొట్టినవాడి కారే వానాకాలం బురదలో దిగబడితే గొలుసేసి లాగేదీ మామే. కూలి ఎంతంటే, "డీజిలు పోయించు, చాలు" అంటాడు. అందుకే ఆయన్ను తిట్టిన నోళ్లే మళ్లీ మామా అని పిలుస్తాయి.

నీ నిదానం నీకుండనీ మామా, మాకేమీ తొందర లేదు. తొట్టి వెనక మాత్రం ఎర్ర రిఫ్లెక్టర్లు అతికించు. గడ్డి వేలాడి వాటిని కప్పెయ్యకుండా చూసుకో. చీకట్లో వెనకొచ్చేవాడు నీ చుట్టమే అయినా, బండి కనబడితేనే కదా బ్రేకు తొక్కేది!