అనంతగిరి పరుగుకు ప్యాంటు కొనే విధానం

డిసెంబరు చలిలో, తెల్లవారుజామున, వికారాబాద్ పక్కన అనంతగిరి అడవిబాటల్లో పరుగెత్తాలని నిర్ణయించుకున్నారు కదా, ముందు ప్యాంటు కొనండి. పరుగు సంగతి తరవాత చూసుకోవచ్చు.

దుకాణంలో అద్దం ముందు నిటారుగా నిలబడండి. కదలొద్దు. మోకాలు ఛాతీదాకా ఎత్తడం, గొంతుక్కూర్చోవడం, నాలుగు గెంతులు వేయడం లాంటివి చేశారో, నడుము దగ్గర జారుతోందనీ తొడల దగ్గర పట్టేస్తోందనీ అక్కడే తెలిసిపోతుంది. ఇక కొనబుద్ధి కాదు. సేల్స్ కుర్రాడు "సూపరుంది సార్" అంటాడు. రోజూ అనంతగిరి ఎక్కిదిగే అనుభవంతోనే అంటున్నాడని నమ్మండి.

బట్ట విషయంలో పెద్దల మాటే శిరోధార్యం: నూలును మించింది లేదు. నిజమే, చెమట తాగడంలోనూ దాన్ని మించింది లేదు. మొదటి ఎక్కుడు అయ్యేసరికి ప్యాంటు తడిసి బరువెక్కుతుంది, ఆ తడికి గాలి తగిలి ఒంట్లో వేడంతా పోతుంది. చలికోసమేగా అంత దూరం వెళ్లింది! పాలియెస్టరో నైలానో, కాస్త సాగే దారం కలిపి నేసినవైతే చెమటను పైకి లాగేసి చప్పున ఆరిపోతాయి. డబ్బిచ్చి మరీ ఆ వణుకు పోగొట్టుకోవడం దేనికి?

మందం సంగతి. అనంతగిరి లంబసింగి కాదు, లంబసింగి లడఖ్ కాదు. మీరు మాత్రం లడఖ్‌కి సరిపడా, లోపల బొచ్చున్నది తీసుకోండి. బయట ఉన్నదానికన్నా ఓ పది డిగ్రీలు వెచ్చగా ఉందనుకుని బట్టలు వేసుకోవాలనీ, మొదట్లో కాస్త చలివేస్తేనే తరవాత సరిపోతుందనీ అనుభవమున్నవాళ్లు చెబుతారు. వాళ్లకు కారు దగ్గర ఫొటో దిగే అలవాటు లేదు, పాపం. పావుగంటకే ఉడికిపోతే మాత్రం గుర్తుంచుకోండి: స్వెట్టరు విప్పి నడుముకి కట్టుకోవచ్చు, ప్యాంటుకి ఆ సౌకర్యం లేదు.

చీలమండ దగ్గర బిగుతుగా ఉండేవి వద్దు. అంచు వెడల్పుగా, నేల ఊడ్చేలా ఉండాలి. వినాయక చవితి పత్రికోసం వీధులన్నీ తిరిగినా కంటబడని ఉత్తరేణి, ఇక్కడ పిలవకుండానే వచ్చి అంచుకి అంటుకుంటుంది. పల్లేరుకాయలు అదనం. దిగేటప్పుడు ఆ అంచు ఏ వేరుకో తగులుకుంటే కొండ తొందరగా దిగొచ్చు.

నన్నడిగితే అసలు కళంతా జేబులో ఉంది. జిప్పు ఉండకూడదు, లోతుగా, వదులుగా ఉండాలి. అందులో ఫోను, కారు తాళం, చిల్లర వేసుకుంటే అడుగడుక్కీ తొడమీద దరువే. ఇక నాడా లేకుండా ఉత్త ఎలాస్టిక్ ఉన్నది దొరికిందా, మీ పంట పండింది. ఒక చేత్తో ప్యాంటు, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని పరుగెత్తడం అందరికీ వచ్చే విద్య కాదు. తొడల లోపలివైపు కుట్లు ఉబ్బెత్తుగా ఉంటే ఫలితం ఇంటికెళ్లి స్నానం చేసేటప్పుడు తెలుస్తుంది. ముందే వాజిలిన్ రాసుకుంటే ఆ కేక వేసే అవకాశం ఉండదు.

ఉతికేటప్పుడు సువాసన కండిషనర్ ధారాళంగా పొయ్యండి. దాని పూత దారాలకి పట్టేసి, చెమట లాగే గుణం ఏ కొంచెమున్నా ఊడ్చేస్తుంది. ఆపైన ఆ ప్యాంటు పాల ప్యాకెట్టుకి వెళ్లే డ్యూటీలో స్థిరపడుతుంది. అక్కడ దానికి మంచి పేరొస్తుంది, జేబులు పెద్దవి కదా.