లెక్క పాతది, బోర్డు కొత్తది

2016 దసరాకి తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి 33కు పెరిగాయి. పాలన జనం గడపలోకి వచ్చిందన్నారు. సంతోషమే! ఇంతకీ ములుగు జనాభా ఎంతండీ అని అడిగితే సారువారు 2011 జనగణన లెక్క తీసి 'మూడు లక్షల లోపు' అంటారు. అంటే జిల్లా పుట్టడానికి ఎనిమిదేళ్ల ముందే దాని జనాన్ని లెక్కపెట్టేశారన్నమాట. ముందుచూపంటే అదీ! 2021లో జరగాల్సిన జనగణన 2027కు జారింది. 2011 తర్వాత పుట్టిన పిల్లలు హైస్కూల్లో చదువుతున్నారు గానీ, జనగణన పుస్తకంలో వాళ్లింకా పుట్టలేదు.

పంచాయతీల కథా అంతే. 2018 పంచాయతీరాజ్ చట్టంతో కనీసం 500 మంది ఉన్న తండాలు, గూడేలూ పంచాయతీలయ్యాయి. రాష్ట్రంలో మొత్తం పంచాయతీలు 12 వేలు దాటాయి. 'మా ఊళ్లో మా రాజ్యం' అన్న పాత కోరిక తీరిందని డప్పులు మోగాయి. 2024 ఆరంభంలో సర్పంచుల గడువు ముగిసింది. ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరులో! ఆ మధ్యకాలమంతా ప్రత్యేకాధికారి పాలన. ఆ అధికారికేమో సొంత ఆఫీసు పనే తెమలేది కాదు. ఎన్నికైన పాలకవర్గం లేదని కేంద్రం ఆర్థిక సంఘం నిధులు ఆపింది. అప్పుడు రాజ్యం మాదే గానీ, రాజూ లేడు, ఖజానా కూడా లేదు!

కొత్త బోర్డు రాయడానికి పెయింటర్ చాలు. తలలు లెక్కపెట్టడానికి, వేళకు ఎన్నికలు పెట్టడానికి, నిధులివ్వడానికి మాత్రం ప్రభుత్వం కావాలి. అయ్యా, పెయింటర్ తన పని ముగించాడు. ఇక మీ వంతు.