మాత్రల మామయ్య

ప్రతి చుట్టరికంలోనూ ఒక మాత్రల మామయ్య ఉంటాడు. డాక్టరు కాదు, కాంపౌండరూ కాదు, రిటైరైన గుమాస్తా. పెళ్లికొచ్చినా తద్దినానికొచ్చినా చంకలో రెక్సిన్ సంచి ఉండాల్సిందే. మనం నుదురు పట్టుకోవడమే తరువాయి, "ఎక్కడ?" అంటాడు. ఎందుకొచ్చిందన్న ప్రశ్న ఆయన వైద్యంలో లేదు.

తలనొప్పికి అమృతాంజనం. 1893లో బొంబాయిలో దాన్ని మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు తర్వాత ఆంధ్రపత్రిక కూడా పెట్టారు. మామయ్య పేపరు చదివి తలనొప్పి తెచ్చుకుంటాడు, అంజనం పట్టిస్తాడు. కళ్లద్దాల నంబరు మారిందేమో చూపించుకోడు. జ్వరానికి పారాసెటమాల్. లోపల ఉన్నది మలేరియానో టైఫాయిడో ఆయనకనవసరం. థర్మామీటర్లో అంకె దిగితే రోగం దిగినట్టే. సాయంత్రానికి మళ్లీ ఎక్కిందా, ఇంకోటి!

ఆయన ప్రతిభ పూర్తిగా చూడాలంటే మాత్రం సొంత ఒంటి మీదే చూడాలి. మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ పట్టాడు. కడుపులో మంట పుట్టింది, పాంటప్రజోల్ చేర్చాడు. డైక్లోఫెనాక్‌కి బీపీ పెంచే గుణం కూడా ఉంది, పెంచింది, ఆమ్లోడిపిన్ వచ్చింది. దాంతో కొందరికి పాదాలు వాస్తాయి. అలాంటి 'కొందరి'లో మామయ్య ఎప్పుడూ ముందుంటాడు. నీరు లాగడానికి ఫ్యూరోసెమైడ్. ఇక రాత్రంతా మంచానికీ బాత్రూముకీ మధ్య నడకే. పగలు నాలుగడుగులు వేయమంటే వేయని మనిషి! నిద్ర చాలక నిద్రమాత్ర. అన్నిటికీ మూలమైన బొజ్జ మాత్రం ఏ మందూ తగలకుండా నిక్షేపంగా ఉంది.

ఇల్లూ ఇదే వైద్యంలో ఉంది. హాల్లో గోడ చెమ్మెక్కితే వెంకటేశ్వరస్వామి క్యాలెండరు తగిలించాడు. చెమ్మ పాకేకొద్దీ అమ్మవారూ ఆంజనేయుడూ వేంచేశారు. వచ్చిన చుట్టాలు ఆ గోడకు దండం పెట్టుకుని వెళ్తున్నారు. పైన ట్యాంకు కారుతూనే ఉంది.

మొన్న అత్తయ్య పోరు పడలేక ఓ పెద్ద డాక్టరు దగ్గరికెళ్లాడు. ఆయన చీటీలన్నీ ముందేసుకుని సగం మందులు కొట్టేసి, మోకాళ్లకు వ్యాయామం చూపించి, బరువు తగ్గమని పంపాడు. కొన్నాళ్లకు పాదాల వాపు తీసింది, నిద్రా పడుతోంది. అయినా మామయ్యకు మంటే.

"హస్తవాసి లేని మనిషిరా! ఐదొందలు పుచ్చుకుని ఒక్క మాత్ర రాయలేదు."

"కొట్టేసినవి పారేశావా మామయ్యా?"

"పారేయడమేంట్రా, ఇంకా ఆర్నెల్లు డేటుంటే!" సంచి ఒళ్లోకి లాక్కున్నాడు. "ఏదీ, నీ పాదాలు ఇలా పెట్టు."