9 వేల ఏండ్ల మక్కను నేను

నస్రుల్లాబాద్ చెల్కలో పండి, రోడ్డు పక్కన టార్పాలిన్ మీద ఆరుతున్న మక్కల్లో నేనూ ఒక గింజను. నాలో తేమ 14 శాతానికి దిగితే కొనుగోలు కేంద్రంలో తూకం వేస్తారు. అంతకు మించి నా గురించి అడిగేవాళ్లు ఇక్కడ తక్కువ. అందుకే నా వంశం కథ నేనే చెప్పుకుంటున్నాను.

నా పుట్టిల్లు మెక్సికో. అక్కడ బల్సాస్ నది లోయలో టియోసింటే అనే గడ్డి ఇప్పటికీ మొలుస్తుంది. మా ముత్తవ్వ అదే. కంకికి అయిదు నుంచి పన్నెండు గింజలు, ఒక్కో గింజ చుట్టూ పళ్లకు లొంగని గట్టి పెంకు. పండగానే నేల రాలిపోయేది. దాదాపు 9 వేల ఏండ్ల కింద అక్కడి జనం దాన్ని మచ్చిక చేసుకోవడం మొదలుపెట్టారు. రాలకుండా నిలిచిన కంకిని, పెంకు పలచబడ్డ గింజను ఏరి దాచి, మళ్లీ వాటినే విత్తారు. తరాల తరబడి అదే పని. పేరు ఎక్కడా రాసి లేని ఆ రైతులు చేసినంత మేలు ఏ రాజూ నాకు చేయలేదు.

దీనికి సాక్ష్యాలు నిలిచే ఉన్నాయి. గెరెరో రాష్ట్రంలో ఒక బండ చరియ కింద దొరికిన నూరుడు రాళ్లకు 8,700 ఏండ్ల నాటి మక్క పిండి రేణువులు అంటుకుని ఉన్నాయి. ఒహాకా లోయలోని గిలా నకీట్స్ గుహలో దొరికిన చిన్న చిన్న కంకి ముక్కలకు సుమారు 6,250 ఏండ్లు. ఆ గుహ ఉన్న ప్రాంతాన్ని 2010లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మెక్సికో అనగానే అందరూ పిరమిడ్ల దగ్గరికి పోతారు. నన్నడిగితే ముందు ఆ గుహ చూడాలంటాను.

పిరమిడ్లు నా తర్వాత వచ్చినవే. టియోటివాకాన్ నగరంలో లక్షమందికి పైగా బతికారంటే, 65 మీటర్ల సూర్య పిరమిడ్ లేచిందంటే, చుట్టుపక్కల చేలల్లో నేను పండబట్టే. ఆ తర్వాత చాలా కాలానికి, 1325లో, అజ్‌టెక్‌లు టెష్కోకో సరస్సు నడుమ టెనోచ్టిట్లాన్ కట్టారు. సరస్సు అడుగు బురదను ఎత్తిపోసి, గట్లకు చెట్లు నాటి, నీళ్ల మధ్య మడులు చేసుకున్నారు. వాటిని చినాంపాలంటారు. వాటి మీద నన్ను పండించారు. నాకొక దేవుణ్ణి కూడా చేసుకున్నారు, పేరు సెంటియోటుల్.

1519లో కోర్టెస్ స్పెయిన్ దండుతో దిగాడు. 1521 ఆగస్టు 13న నగరం పడిపోయింది. గుళ్లు కూలగొట్టి, ఆ రాళ్లతోనే కొత్త ఊరు కట్టారు. పెద్ద గుడి ఎక్కడుండేదో జనం చాలామటుకు మరిచిపోయారు. 1978లో ఆ ఊళ్లో కరెంటు పనివాళ్లు తవ్వుతుంటే గడ్డపారకు రాయి తగిలింది. మట్టి తీసి చూస్తే మూడు మీటర్లకు పైగా వెడల్పున్న గుండ్రటి రాతి పలక, దాని మీద చంద్రదేవత కొయోల్షౌకీ బొమ్మ. ఆ తర్వాత తవ్వకాల్లో గుడి పునాదులు బయటపడ్డాయి.

ఆ రాయి వందల ఏండ్లు మట్టి కింద ఉండి మళ్లీ లేచింది. నేను ఒక్క ఏడాది కూడా అలా ఉండలేను. కంకి మీద ఆకు పొరలు అంత గట్టిగా చుట్టుకుని ఉంటాయి కాబట్టి నా గింజలు వాటంతటవి రాలవు. మనిషి చెయ్యి వొలిచి విత్తకపోతే నా వంశం అక్కడితో సరి. అలాంటిది రాజ్యం పోయినా, దేవుడు పోయినా, మెక్సికో ఊళ్ల ఆడవాళ్లు నన్ను విడవలేదు. మక్కలను సున్నపు నీళ్లలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, పొద్దున కడిగి నూరి రొట్టెలు కాల్చడం ఇప్పటికీ ఉంది. సున్నం తగిలితేనే నాలోని నియాసిన్ ఒంటికి పడుతుంది. యూరప్ వాళ్లు గింజను పట్టుకుపోయారు, ఈ పద్ధతిని పట్టుకుపోలేదు. నన్ను తప్ప మరోటి తినలేని పేదలు అక్కడ పెలాగ్రా రోగంతో చచ్చిపోయారు.

ఈ దేశానికి నన్ను పోర్చుగీసువాళ్లు తెచ్చారని అంటారు. 1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయ్యాక ఈ దిక్కు కాలువ కింద వరి, చెరుకు పెరిగాయి. వరికి కావలసినంత నీరు నాకు అక్కర్లేదు, అందుకే చెల్కల్లో నిలిచాను. పొయ్యి మీద గటకగా ఉడికాను, వానాకాలంలో గారెనయ్యాను, సద్దుల బతుకమ్మకు సత్తుపిండినయ్యాను. నా పీచు ఎప్పుడైనా దగ్గరగా చూశారా? ఒక్కో పోగు ఒక్కో గింజది. పుప్పొడి అందని పోగు తాలూకు గింజ కట్టదు, కంకిలో అక్కడ బోసిగా ఉంటుంది. గింజల వరుసలు మాత్రం దాదాపు ఎప్పుడూ సరిసంఖ్యే, లెక్కపెట్టి చూడండి.

2018లో నా పాత శత్రువు కూడా అమెరికా ఖండం నుంచి ఈ దేశం చేరింది. కత్తెర పురుగు. సుడిలో దూరి ఆకులు కొరికి, రంపపు పొట్టు లాంటి రెట్ట నింపుతుంది. రైతు సాలు సాలూ తిరిగి సుడి విప్పి చూసుకోవాల్సి వస్తోంది.

ఇప్పుడు ఇక్కడ చేలన్నీ దాదాపు హైబ్రిడ్‌వే. దిగుబడి వాటితోనే పెరిగింది, కాదనను. కానీ ఆ గింజ దాచి విత్తితే మరుసటి పంట ఏకరీతిగా రాదు, ఏటా సంచి కొనాల్సిందే. మెక్సికో రైతులు తెలుపు, ఎరుపు, నీలం రంగుల్లో దాదాపు 60 నాటు జాతులను ఇంకా కాపాడుకుంటున్నారు. జన్యుమార్పిడి మక్కను ఆ దేశంలో సాగు చేయకూడదని 2025 మార్చిలో రాజ్యాంగంలోనే రాసుకున్నారు.

మీ ఊళ్లో ముసలవ్వలను అడగండి, నాటు మక్క విత్తనం ఎవరి ఇంట్లోనైనా ఉందేమో. దొరికితే చేనులో ఓ మూల ఒత్తుగా చిన్న మడి వేయండి. పక్క హైబ్రిడ్ చేను పుప్పొడి కలవకుండా మూడు నాలుగు వారాల ఎడం పెట్టి విత్తండి. ముదిరిన కంకుల్లో మంచివి ఏరి, ఆకు పొరలు వెనక్కి మడిచి, జతలుగా ముడేసి దూలానికి కట్టండి. వచ్చే వానాకాలానికి అవే మీ విత్తనాలు.