ఇంటి పెట్టె, ప్రోగ్రాం పెట్టె

కీబోర్డు మాస్టారింటికి వెళ్లినప్పుడు "ఏదీ, ఒక పాట వినిపించండి మాస్టారూ" అని పొరపాటున కూడా అడక్కండి. ముందు కాఫీ వస్తుంది. తర్వాత ఇంట్లో ఉన్న పెట్టెల వంశచరిత్ర వస్తుంది. ఏది ఎప్పుడు కొన్నాడు, ఎంతకు బేరమాడాడు, ఎవరొచ్చి అడిగితే ఇవ్వనన్నాడు, అన్నీ వస్తాయి. పాట ఒక్కటే రాదు. "ఇంట్లోనా? ఇంట్లో ఏం వాయిస్తామండీ, ప్రోగ్రాముకు రండి" అంటాడు.

ఇలాంటి మాస్టారు అద్దంకిలో ఉన్నాడు, ఇంకొల్లులో ఉన్నాడు, చిలకలూరిపేటలో ఇద్దరు ముగ్గురున్నారు. కానీ మార్టూరాయన తీరు వేరు. ఊరు జాతీయ రహదారి మీద ఉంది కాబట్టి అటు గుంటూరు, ఇటు ఒంగోలు, రెండూ తన ఇలాకాయే అనుకుంటాడు. విజిటింగు కార్డు మీద పేరు కింద 'మ్యూజిక్ డైరెక్టర్' అని ఉంటుంది. దాని కింద 'ప్రకాశం జిల్లా' అని ఉంటుంది. మార్టూరు 2022 ఏప్రిల్‌లోనే బాపట్ల జిల్లాలో కలిసింది కదండీ అంటే, "కార్డులు వెయ్యి కొట్టించాను, అయిపోనీయండి, మారుద్దాం" అంటాడు. ప్రభుత్వం తొందరపడిందన్నది ఆయన అభిప్రాయం.

ఆదివారం పొద్దున చర్చిలో ఆరాధన, సాయంత్రం కల్యాణమండపంలో రిసెప్షను. ధనుర్మాసంలో రామాలయం భజన, డిసెంబరంతా సెమీ క్రిస్మస్‌లు, శివరాత్రికి కోటప్పకొండ తిరనాళ్లలో ప్రభ మీద పాటకచేరి, నవమికి చలవపందిరి. మతసామరస్యం గురించి ఉపన్యాసమిమ్మంటే ఆయనకు రెండు ముక్కలు కూడా రావు. డేట్లు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా చూసుకోవడం మాత్రం వచ్చు. చొక్కాలు రెండు రకాలు కుట్టించాడు, తెల్లవి, మెరిసేవి. ఏ రోజు ఏది వేసుకోవాలో ఆయన భార్యకు తెలుసు.

ఇక పెట్టెల సంగతి.

మొదటిది ప్రోగ్రాం పెట్టె. రోలాండ్, 61 మెట్లు. మిర్చికి రేటు పలికిన ఏడాది చీటీ పాడి కొన్నాడు. ఇది ఇంట్లో మంచం మీద పడుకుంటుంది, మాస్టారు కింద చాప మీద పడుకుంటాడు. జిప్పు బ్యాగు విప్పితే భార్య పాత చీర, చీర విప్పితే దుప్పటి, దుప్పటి విప్పితే కంపెనీవాళ్లు అంటించిన ప్లాస్టిక్ కాగితం. ఆ కాగితం ఈనాటికీ ఊడదీయలేదు. ఇంట్లో ఎందుకు తీయరని అడిగితే కిటికీ వైపు చెయ్యి చూపిస్తాడు. బయట గ్రానైట్ ఫ్యాక్టరీలు. బల్లికురవ కొండల నుంచి వచ్చిన రాయిని పొద్దస్తమానం కోస్తూనే ఉంటారు. "ఆ పొడి మెట్ల సందుల్లోకి పోతే ఇంకేమన్నా ఉందా? రిపేరుకు విజయవాడ పోవాల!" అంటాడు. ప్రోగ్రాములో మైకుల ముందు, బాణసంచా పొగలో, పెళ్లివారు చల్లే రంగుకాగితాల కింద అదే పెట్టెను నాలుగ్గంటలు వాయిస్తాడు. అప్పుడు దుమ్ము గుర్తురాదు. అది డబ్బులిచ్చే దుమ్ము.

రెండోది ఇంటి పెట్టె. దీన్ని కాస్త దగ్గర్నుంచి చూడాలి.

ఇది నాలుగు స్థాయిల కాసియో. ఒకప్పుడు కొడుకు కోసం కొన్నాడు. వాడు ఐదో తరగతిలో రెండు పాటలు నేర్చుకుని, ఆపైన రెసిడెన్షియల్ స్కూల్లో చేరి, సంగీతాన్నీ నిద్రనూ ఒకేసారి మానేశాడు. అలా కొడుకు ఆస్తి తండ్రికి సంక్రమించింది. బ్యాటరీల మూత ఉండాల్సిన చోట తెల్ల ప్లాస్టరు. ఎలిమినేటరు పిన్ను వదులైపోతే సిగరెట్టు పెట్టె అట్ట మడిచి దోపాడు. ట్రాన్స్‌పోజ్ మీట ఏనాడో లోపలికి దిగి మళ్లీ పైకి రాలేదు. వీటన్నిటినీ మించి, మధ్య స్థాయిలో 'గ' పలకదు. మెట్టు కిందుండే రబ్బరు అరిగిపోయింది. నొక్కితే వెళ్తుంది, వస్తుంది, నోరు మాత్రం విప్పదు.

దానికి స్టాండు లేదు. మాస్టారికి ఎకరం కౌలు మిరప ఉంది. రేటు లేనప్పుడు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఇంట్లోనే ఉండిపోతాయి. రెండు టిక్కీలు పక్కపక్కన పేర్చి వాటి మీద కాసియో పెడతాడు. రేటు వచ్చిందా, స్టాండు గుంటూరు యార్డుకు వెళ్లిపోతుంది, కీబోర్డు నేల మీదికి దిగుతుంది. అందుకని మాస్టారి నడుం నొప్పికీ మిర్చి మార్కెట్‌కీ నేరుగా సంబంధం ఉంది. రేటు బాగుంటే వంగి వాయించాలి, నొప్పి. రేటు పడిపోతే హాయిగా వాయించుకోవచ్చు, అప్పుడు నొప్పి వేరేచోట. టిక్కీల ఘాటుకు మధ్యమధ్య తుమ్ములొస్తాయి. ఆది తాళంలో తుమ్మడం ఆయన అలవాటు చేసుకున్నాడు.

మూడోది తాతగారి హార్మణీ పెట్టె. అటక మీద ఉంటుంది. తిత్తికి చిల్లులు. తాతగారు బలిజేపల్లివారి హరిశ్చంద్రకూ, తిరుపతి వేంకట కవుల రాయబారానికీ తెల్లవార్లూ వాయించినవాడు. స్టేజీ మీద కాళ్లతో తొక్కే పెద్ద హార్మణీ కాంట్రాక్టరు తెచ్చేవాడు. ఇంట్లో మాత్రం ఈ చేతి పెట్టె. మంచిది బయట, చిల్లులది ఇంట్లో అన్న సంప్రదాయం అప్పటినుంచీ ఉన్నదే.

ఈ పెట్టె ప్రస్తావన వస్తే మాస్టారికి చరిత్ర పూనుతుంది. 1840ల తొలినాళ్లలో పారిస్‌లో దెబేన్ అనే ఆయన చేతిలో హార్మోనియం పేటెంటు పుచ్చుకుంది. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాని కాళ్లు తీసేసి, మనం నేల మీద కూర్చుని ఒక చేత్తో ఊది ఒక చేత్తో వాయించుకునేట్టు చేశాడు. మన వైపు అది ఒక దారిన నాటకాలవాళ్లతో వచ్చింది, ఇంకో దారిన పాస్టర్లతో. ఒంగోలు బాప్టిస్టు మిషన్ క్లౌ దొర కాలంలో, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంతమంది కీర్తనలు పాడాలంటే శృతి ఇచ్చే పెట్టె ఒకటి కావాలి కదా. "మా వృత్తికి పునాది అక్కడ పడిందండీ" అంటాడు మాస్టారు. మరుక్షణం, ఒంగోలు పక్క కరవదిలో పుట్టి శ్రీరంగంలో నాదస్వర విద్వాంసుడిగా స్థిరపడ్డ షేక్ చినమౌలానాను తలుచుకుని, పునాది అక్కడా పడిందంటాడు. పునాదులు ఎన్ని ఉంటే అంత గట్టి అని ఆయన ధీమా.

గమకం పలకదనే అభియోగం మీద ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని వెలేసింది, 1971 దాకా గేటు తియ్యలేదు. ఆ ముప్పై ఏళ్లూ తాతగారు ఇంట్లోకి రేడియో రానివ్వలేదట. "వాళ్లు మనల్ని వద్దనుకుంటే మనకూ వాళ్లొద్దు" అన్నాడట. కొనే స్తోమత కూడా లేదనుకోండి, కానీ పౌరుషం పౌరుషమే.

ఇప్పుడు సాధకం. మాస్టారు రాత్రి పదింటి తర్వాత కూర్చుంటాడు. కోత మిషన్లు అప్పుడు కాస్త సద్దుమణుగుతాయి. ఇరుగుపొరుగుకు ఇబ్బంది కాకుండా చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుంటాడు. అందులో ఒక చెవి పనిచేస్తుంది. ఇక ఇంటిల్లిపాదికీ వినిపించేది పాట కాదు, మెట్ల టకటకలు. కొత్తగా పక్కింట్లో దిగినవాళ్లు, ఈయన రాత్రిళ్లు టైపు నేర్చుకుంటున్నాడు, గ్రూప్ ఫోర్ రాస్తాడేమో అనుకున్నారు.

ఆ టకటకల్లో ఏ పాట ఉందో చెప్పగలిగిన మనిషి లోకంలో ఒక్కరే ఉన్నారు. వంటింట్లో రేపటి ఇడ్లీపిండి కలుపుతూ భార్య అంటుంది: "రెండో చరణంలో మళ్లీ తడబడ్డారు."

"నీకెట్లా తెలుసే?"

"మూడు టక్కులు రావాల్సిన కాడ రెండే వచ్చినయ్."

సంగీత విమర్శ ఇంతకన్నా సూటిగా ఎక్కడా ఉండదు. అమెరికాలో ఆల్మన్ వర్జిల్ అనే ఆయన 19వ శతాబ్దం చివర్లో పియానో విద్యార్థుల కోసం నాదం పలకని కీబోర్డు చేసి అమ్మాడు. వేళ్లకు కసరత్తు, చెవులకు టిక్కుటిక్కు, అంతే. మాస్టారి ఇంట్లో అది విడిగా కొనకుండానే అమరింది.

పలకని 'గ' విషయంలో మాత్రం ఆయనది సొంత పద్ధతి. మోహనం వాయించేటప్పుడు వేలు ఆ మెట్టు మీద పడగానే నోటితో "గా" అంటాడు. స రి వేళ్లవి, గ నోటిది, ప ద మళ్లీ వేళ్లవి. ఏళ్ల తరబడి అలా అలవాటై, ఇప్పుడు ప్రోగ్రాములో రోలాండ్ మీద 'గ' నిక్షేపంగా పలుకుతున్నా నోరు ఊరుకోదు. గాయని మైకు పక్కనే ఉంటే "గా" జనానికీ వినిపిస్తుంది. వినేవాళ్లు దాన్ని భావోద్వేగం అనుకుంటారు. ఒక రిసెప్షనులో పెళ్లికొడుకు తండ్రి దానికి ఐదొందలు చదివించాడు కూడా.

దిగిపోయిన ట్రాన్స్‌పోజ్ మీట కథ ఇంకా గొప్పది. కొత్త కుర్రాళ్లు ఏ పాటైనా ఒకటో శృతిలో నేర్చుకుని, గాయకుడు రెండున్నర అంటే మీట నొక్కి అదే చోట వేళ్లాడిస్తారు. ఇంటి పెట్టెలో ఆ సౌకర్యం చచ్చిపోయింది కాబట్టి మాస్టారు ప్రతి పాటనూ ఒకటిలో, ఒకటిన్నరలో, నాలుగులో, ఐదున్నరలో విడివిడిగా వేళ్లకు ఎక్కించుకున్నాడు. పద్యనాటకాల వాళ్లు ఒక శృతి చెప్పి ఇంకో శృతిలో ఎత్తుకుని, వన్స్‌మోర్ పడ్డాక మూడో శృతిలోకి ఎక్కుతారు. కుర్రాడు మీట కోసం వెతుక్కునేలోగా మాస్టారు పద్యంతోపాటు పై మెట్టు మీద ఉంటాడు. "మా గురువెవరనుకున్నారు? చెడిపోయిన కాసియో!" అంటాడు. గురుదక్షిణగా దానికి కొత్త ప్లాస్టరు వేస్తాడు.

మంచిది బయట, చెడిపోయింది ఇంట్లో అన్న ఈ పద్ధతికి లోకంలో పెద్ద పెద్ద పియానిస్టుల పరిస్థితి సరిగ్గా తిరగేసి ఉంటుంది. వయొలిన్ విద్వాంసుడు వాద్యాన్ని చంకన పెట్టుకుని విమానమెక్కుతాడు. కచేరీ హాల్లో ఉండే స్టెయిన్‌వే పియానో తొమ్మిదడుగుల పొడవు, 480 కిలోల బరువు. అందుకని పియానిస్టు ఇంట్లో తనకు నచ్చినది ఉంచుకుని, ఊళ్లకు పోయినప్పుడు అక్కడ ఏది ఉంటే దాని ముందు కూర్చుంటాడు. హొరొవిట్జ్ అనే పియానిస్టు మాత్రం ఒప్పుకోలేదు. 1986లో మాస్కో కచేరీకి న్యూయార్కు ఇంట్లోంచి తన పియానోనే మోయించుకుపోయాడు. మిగతా పియానిస్టులు ఇంట్లో మంచిది వాయించి బయట దొరికినదాంతో సర్దుకుంటారు. మన మాస్టారు బయటికి మంచిది పట్టుకెళ్లి, ఇంట్లో మిగిలినదాంతో సర్దుకుంటాడు. రోలాండ్‌ను స్ప్లెండర్ బండి మీద అడ్డంగా పెట్టుకుని పోతుంటే ఎదురొచ్చే లారీలు దారి ఇస్తాయి. ఆ వైభవం హొరొవిట్జ్‌కు లేదు.

మార్టూరులో అసలు సిసలు పియానో లేకపోలేదు. రాళ్ల వ్యాపారంలో కలిసొచ్చిన ఒకాయన ఇంట్లో ఉంది. చీమకుర్తి గెలాక్సీ రాయి పరిచిన హాల్లో నలుపు మీద నలుపుగా నిలబడి ఉంటుంది. పైన లేసుగుడ్డ, దాని మీద ఫ్యామిలీ ఫొటోలు, వాటి పక్కన తిరుపతి ప్రసాదం కవరు. ఒకసారి మాస్టారిని పిలిపించారు.

"ఓసారి చూడండి మాస్టారూ, శృతిలో ఉందో లేదో. వచ్చినోళ్లందరూ అడుగుతుండారు."

మాస్టారు ఫొటోలు దించి, మూత తీసి, చొక్కాకు వేళ్లు తుడుచుకుని స రి గ మ వాయించాడు. 88 మెట్లు, లోపల 220కి పైగా తీగలు, వాటి బిగువంతా కలిపితే ఇరవై టన్నుల దాకా ఉంటుంది. రాతిపొడి, వడగాడ్పు, ఏసీ వేసి ఆర్పే అలవాటు, ఇవన్నీ కలిసి ఆ బిగువును ఎటు పడితే అటు లాగేశాయి. ఒక్క స్వరం పక్క స్వరంతో మాట్లాడటం లేదు.

"ఎవరు వాయిస్తారండీ?"

"మావాడు మూణ్నెల్లు నేర్చుకున్నాడు. ఇప్పుడు డాలస్‌లో ఉన్నాడు."

మాస్టారు కాసేపు ఆలోచించాడు. అవతల వచ్చే నెలలో వాళ్లమ్మాయి పెళ్లి. "చాలా బాగుందండీ. మూత మాత్రం తియ్యకండి" అన్నాడు. పెళ్లికి ఆర్కెస్ట్రా బేరం అక్కడే కుదిరింది.

ఇంత తెలిసినవాడు ఇంటికో మంచి పెట్టె ఎందుకు కొనుక్కోడని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. చీటీ పాడిన ప్రతిసారీ ఆయన అదే అనుకుంటాడు. డబ్బు చేతికొచ్చేసరికి కౌలు కట్టాలి, కాలేజీ ఫీజు కట్టాలి, ఏదన్నా మిగిలితే స్టేజీకి కొత్త స్పీకరు కావాలి. జనం చూసేది స్టేజీనే. ఇంటి పెట్టెను ఎవరూ చూడరు, కాబట్టి దాని వంతు ఎప్పటికీ రాదు. వృత్తిలో బతికేవాడికి పనిముట్టు మీద పెట్టే ప్రతి రూపాయీ ఎదురుగా కూర్చున్నవాడి కోసమే ఖర్చవుతుంది. తన కోసం మిగిలేది రాత్రి పది తర్వాతి సమయం ఒక్కటే.

కాబట్టి ఈసారి మీ ఇంట్లో పెళ్లికో, మీ చర్చిలో పండక్కో ఈయన్ని పిలిచినప్పుడు "నాలుగ్గంటలు వాయించేదానికి అంతా?" అని బేరమాడకండి. మీరు డబ్బులిస్తున్నది ఆ నాలుగ్గంటలకే, నిజమే. పలకని మెట్టు మీద ఏడాదంతా పడ్డ చాకిరీని ఆయన బిల్లులో ఎన్నడూ రాయలేదు. ఒప్పుకున్న డబ్బు ఆ రాత్రే చేతిలో పెట్టి పంపండి.