ఆట తెర మీద, గ్రౌండు ప్లాట్ల కింద

2025 శ్రీరామనవమికి ‘పెద్ది’ సినిమా గ్లింప్స్ వదిలారు. అంతే, మన ఆర్మూర్‌లో బ్యాట్లకు శీర్షాసన యోగం పట్టింది.

చూశారుగా, రామ్‌చరణ్ క్రీజు దాటి ముందుకు దూకడం, బ్యాట్ పిడిని నేలకేసి ఓ దెబ్బ కొట్టడం, ఆ వెంటనే బంతిని ఊరవతలికి పంపడం! అప్పట్నుంచి గల్లీగల్లీకీ అదే దెబ్బ. బుడ్డోళ్ల నుంచి పెళ్లీడుకొచ్చిన వాళ్ల దాకా నేలను బాదడమే ఆట. బంతి తగిలిందా అని అడిగితే మనల్ని పిచ్చోళ్లను చూసినట్టు చూస్తున్నారు. బంతి ఎవడిక్కావాలి? రీల్ బాగా వచ్చిందా లేదా, అదీ లెక్క.

పిడితో నేలను ఎందుకు కొట్టాలో ఏ కోచూ చెప్పలేదు. భూమాత అనుమతి తీసుకుంటున్నారేమో. సీసీ రోడ్డు మీద కొడితే పిడి చిట్లుతుంది, కొత్త బ్యాట్ కొనాలి. క్రీడాభివృద్ధి అంటే ఇదే కాబోలు, కనీసం దుకాణం వాడికి. మొన్న మా గల్లీలో ఒకడు కొట్టిన దెబ్బకు పిడి చేతిలోనే ఉంది, బ్యాటు మోరీలో పడింది. ఫోన్ పట్టుకున్నోడు ‘ఇంకో టేక్ అన్నా’ అన్నాడు.

తెర మీది ఆట మనకు కొత్తేం కాదు. ‘ఒక్కడు’లో కబడ్డీ ఆడాం, ‘సై’లో రగ్బీ ఆడాం, కుర్చీల్లో కూర్చుని. ఆటల సినిమాల్లో వానా, బురదా, ఆఖరి నిమిషపు గెలుపూ మామూలే.

‘గోల్కొండ హైస్కూల్’ మాత్రం 2011లోనే మన గుట్టు విప్పింది. బడి గ్రౌండు లాక్కుని కోచింగ్ క్లాసులు పెట్టాలనుకునేవాడే అందులో విలన్. వాణ్ని తిట్టుకుంటూ హాలు బయటికొచ్చాం. తెల్లారి ఏం చేశాం? అప్పు చేసి మరీ గ్రౌండు లేని బడికే ఫీజు కట్టాం. ఆటల పీరియడ్‌ను లెక్కల సారు మింగేస్తే ‘పోనీ, ర్యాంకొస్తది’ అనుకున్నాం. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని 2009 నాటి విద్యా హక్కు చట్టం చెబుతోంది. ఎవడడిగాడు? ఈ ఊళ్లో పసుపు ఆరబోయడానికి జాగా దొరుకుతుంది, పోరలు ఉరకడానికి దొరకదు. సిగ్గుండాలి మనకు.

అసలు ఆటగాళ్లు లేరా? మన నిజామాబాద్ జిల్లా సిరికొండ మండలం పాకాల పిల్ల మాలావత్ పూర్ణ, పద్నాలుగేళ్లు నిండకముందే 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. 2017లో ఆమె కథను రాహుల్ బోస్ సినిమాగా తీశాడు. భారత జట్టుకు నిజంగా రగ్బీ ఆడినవాడాయన. మనలో ఎందరం చూశాం? ఆ పోస్టర్‌కు పాలు పోసినోళ్లు చేతులెత్తండి! 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ బాక్సింగ్ టైటిల్ గెలిచిన నిఖత్ జరీన్, భారత జట్టుకు ఫుట్‌బాల్ ఆడే గుగులోత్ సౌమ్య, ఇద్దరూ నిజామాబాద్ వాళ్లే. వాళ్లతో సెల్ఫీ కావాలి మనకు. సొంత బిడ్డ నిక్కరేసుకుని గ్రౌండుకు పోతానంటే మాత్రం నలుగురూ ఏమనుకుంటారోనన్న బెంగ.

సినిమా రిలీజ్‌కు ఫ్లెక్సీ చందా అంటూ మా ఇంటికి రాకండి. వస్తే నేనూ ఓ చందా పుస్తకం తీస్తా. సర్కారు బడికి రెండు ఫుట్‌బాళ్లు, ఒక వాలీబాల్ నెట్టు. ముందు మీరు రాయండి, తర్వాత నేను రాస్తా.